42 రోజులు మాకూ లెక్కపెట్టండి

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,



నేను వరంగల్ జిల్లాలోని ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. ఈ కొలువులో చేరి ఇరవై రెండేళ్ళు. దగ్గితే, తుమ్మితే, గట్టిగా నవ్వితే, పిల్లవాణ్ణి చంకకెత్తుకుంటే నాకు మూత్రం పడేది. పదిహేనేళ్ళు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మొన్న శీతాకాలంలో ఆపరేషన్ చేయించుకున్నాను. ఆపరేషన్ చక్కగా జరిగింది, చేసిన డాక్టరమ్మ చేతికి దండం పెడతాను. ఈ లేఖ ఆపరేషన్ గురించి కాదు. ఆ తర్వాత ఇంట్లో గడవాల్సిన ఆరు వారాల గురించి.

ఆరు వారాలంటే 42 రోజులు. ఈ అంకె నాకు బాగా పరిచయం. మా ఊళ్ళో ఎవరైనా ఆసుపత్రిలో కాన్పై బిడ్డతో ఇంటికొస్తే ఆశా అక్క ఆ గడప తొక్కాల్సిన రోజులు నాకు నోటికి వచ్చు: 3, 7, 14, 21, 28, 42. ఆరుసార్లు వెళ్ళి బిడ్డను తూచాలి, ఒళ్ళు వేడిగా ఉందేమో చూడాలి, పాలు పడుతున్నాయో లేదో కనుక్కోవాలి, కార్డులో రాయాలి. 2011 నుంచి దేశమంతటా ఈ పద్ధతి నడుస్తోంది. దీనివల్ల నిలబడ్డ ప్రాణాలను నేను కళ్ళారా చూశాను. అదే 42 రోజులు ఆపరేషనయిన ఆడమనిషికి ఎవరు లెక్కపెడుతున్నారు? నా మటుకు ఎవరూ లెక్కపెట్టలేదు. నాకూ తెలియలేదు.

అంతకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. పాత నూలు చీర చింపి నాలుగు మడతలు పెట్టి కట్టుకునేదాన్ని. పిల్లలతో గంతులేయించే పాట వస్తే ఆయమ్మను ముందుకు పంపి నేను రిజిస్టరు ముందేసుకుని కూర్చునేదాన్ని. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో టికెట్టు డబ్బులు లేవు. అయినా హనుమకొండ వెళ్ళాల్సిన రోజున పొద్దున లేచింది మొదలు నీళ్ళు ముట్టేదాన్ని కాదు. పెళ్ళిళ్ళలో కూడా అంతే, పెట్టెలో ముదురు రంగు చీరలే మిగిలాయి. మా ఆయనకు కూడా చెప్పలేదు. వయసు మీద పడుతోందని, ఇద్దరు పిల్లల్ని కన్నందుకు ఇది మామూలేనని నాకు నేనే చెప్పుకున్నాను.

నాకు ముప్పై ఆరో ఏట గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని ఒక ఆసుపత్రికి వెళితే, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి వారంలో తీసేశారు. మా వాడకట్టులో అలా తీయించుకున్నవాళ్ళు నా ఈడువాళ్ళే చాలామంది ఉన్నారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి లేనివాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, మన రాష్ట్రంలో ఎనిమిదిమందికి దగ్గర. స్వీడన్‌లో 1973 నుంచి 2003 దాకా ఆపరేషన్ల రికార్డులు పట్టి చూసి, గర్భసంచి తీసేసిన ఆడవాళ్ళకు తర్వాత మూత్రం కారే ఆపరేషన్ చేయాల్సి రావడం మిగతావాళ్ళకంటే రెట్టింపుకు పైగా ఉందని 2007లో పరిశోధకులు రాశారు. ఇది నాకు నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి చదివి వినిపించింది. వింటూ నేను మా వాడకట్టు ఇళ్ళు ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పాత చీరలు చింపుకుంటున్నారో అని.

ఇప్పుడు ఆ ఆరు వారాల సంగతి.

ఆపరేషనయిన మర్నాడు పొద్దున పైపు తీశారు. ఒంటికి వెళ్ళి చెప్పమన్నారు, కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఇచ్చారు. పదిహేనేళ్ళు ఆగమంటే ఆగనిది ఆ పొద్దున రమ్మంటే రాలేదు. కుళాయి తిప్పుకుని నీళ్ళ చప్పుడు వింటూ అరగంట కూర్చుంటే జగ్గులో అడుగు తడిసింది. స్కానింగ్‌లో ఇంకా 200 మి.లీ. పైగా లోపలే ఉందని తేలింది. ఇలాంటి ఆపరేషన్ల తర్వాత కొంతమందికి ఇలా అవుతుందట, లోపలి వాపు తగ్గేదాకా కొన్నాళ్ళు పైపు ఉంచితే సర్దుకుంటుందట. ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను ఆ బాత్రూంలో గోడకు తల ఆనించి ఏడ్చేదాన్ని కాదు. ఆపరేషన్ చెడిపోయిందనే అనుకున్నాను.

మళ్ళీ పైపు వేసి, సంచి తగిలించి, మూడో రోజు ఇంటికి పంపారు. "రెస్ట్ తీసుకోండమ్మా, బరువులు ఎత్తకండి" అన్నారు. చేతికి ఇంగ్లీషు కాగితాలు ఇచ్చారు.

చూడవచ్చే వాళ్ళ కంట పడకూడదని ఆ మూత్రం సంచిని మంచం మీద నా పక్కనే పెట్టుకుని దుప్పటి కప్పాను. రెండు రోజులు అలాగే ఉంది. మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చి, దుప్పటి తీసి చూసి, ఏమీ అనకుండా సంచిని మంచం కోడుకు కట్టి కిందికి వేలాడదీసింది. తర్వాత చెప్పింది: సంచి ఎప్పుడూ నడుముకంటే కిందే ఉండాలి, నేల మాత్రం తాకకూడదు, పైకి పెడితే లోపలికి మళ్ళి చీము పడుతుంది అని. ఇంటికి నర్సింగ్ చదివే బిడ్డ రావడం నా అదృష్టం. అందరికీ రాదు.

మా అత్తమ్మ నన్ను కన్నతల్లిలాగే చూసుకుంది. "నీళ్ళు ఎక్కువ తాగకు బిడ్డా, కుట్లు చీము పడ్తయ్" అని గ్లాసు దూరం పెట్టేది. పప్పు పెట్టలేదు, అదీ చీము పడుతుందనే. ఆకుకూర చలువంది. ఆ పథ్యంలో నాలుగు రోజులకు విరేచనం గట్టిపడింది. కూర్చుని ముక్కాల్సి వచ్చింది, అదీ నేల మీది దొడ్డిలో గొంతుకూర్చుని. కొత్తగా వేసిన కుట్ల మీద అంతకంటే చేటు లేదు. రోజుకు ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్ళు తాగాలి, ఆకుకూరలు, అరటిపండు తినాలి, అవసరమైతే ఇసబ్‌గోల్ వేసుకోవాలి, కూర్చోవడానికి ఎత్తు కుర్చీ కావాలి. తెలుగులో ఇలా నాలుగు ముక్కలు రాసిచ్చి ఉంటే మా అత్తమ్మ చేతే చదివించేదాన్ని. డాక్టరు రాసింది మా అత్తమ్మ కాదనేది కాదు. డాక్టరు ఏమీ రాయనిచోట తన తల్లి దగ్గర విన్నది చేసింది.

తొమ్మిదో రోజు బిందె ఎత్తాను.

మాకు మిషన్ భగీరథ నల్లా నీళ్ళు పొద్దున వస్తాయి, కొంతసేపే. మా ఆయన పొలానికి వెళ్ళాడు, అత్తమ్మ మేకల దగ్గర ఉంది. నల్లా వచ్చిన చప్పుడు వినబడింది. ఒళ్ళు బాగానే ఉంది, పైపు అప్పటికి తీసేశారు, నొప్పి కూడా తగ్గింది. ఇక్కడే మోసం ఉంది. ఈ ఆపరేషన్‌కు బయటికి కనిపించే పెద్ద గాయం లేదు, వారానికల్లా మనిషి మామూలుగా కనబడుతుంది, ఇంట్లో అందరికీ, తనకు కూడా. ఆపరేషన్‌లో లోపల వేసిన పట్టీ ఇంకా కండలో కుదురుకోలేదన్నది ఎవరికీ కనబడదు. నిండు బిందె ఎత్తొద్దని నాకు తెలుసు. అందుకే ముప్పాతిక నింపి ఎత్తాను. లోపల ఏదో చివుక్కుమంది. మధ్యాహ్నానికి రక్తం కనబడింది.

ఆసుపత్రి కాగితం మీది నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. మర్నాడు అరవై కిలోమీటర్లు బస్సులో వెళ్ళాను. ఒక కుట్టు వదిలింది, ఇంకో రెండు వారాలు మంచం దిగొద్దన్నారు. తప్పించుకున్నాను.

నయమయ్యాక ఒకరోజు మా కేంద్రంలో పిల్లల్ని తూచే మిషన్ పక్కన పెద్దవాళ్ళ మిషన్ మీద ఆ బిందె పెట్టి తూచాను. నిండుగా 16 కిలోలు. ముప్పాతిక అయినా 12 కిలోలపైనే. లీటరు నీళ్ళంటే కిలో బరువని బడిలో చదివినదాన్నే, కానీ ఆ పొద్దున నాకు అది బరువనిపించలేదు, నీళ్ళనిపించింది. మా ఇళ్ళలో బరువంటే వడ్ల బస్తా. బరువెత్తే పని మగవాళ్ళదని మాట. మేము ఎత్తేవాటికి బరువని పేరు లేదు. గ్యాసు సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే 30కి దగ్గర. మూడేళ్ళ పిల్లవాడు 12 కిలోలు. తడిసిన దుప్పట్ల బకెట్టు, ఇడ్లీ పిండి రుబ్బే రోలు పొత్రం, గడ్డిమోపు. డాక్టర్లు ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తొద్దంటారు. అంటే చెంబు ఎత్తొచ్చు, బిందె ఎత్తకూడదు. ఈ ఒక్క వాక్యం నాకు ఎవరైనా ఇలా చెప్పి ఉంటే చాలు.

మూడో వారంలో మళ్ళీ వచ్చిన మా అమ్మాయి ఆ ఇంగ్లీషు కాగితాలు విప్పి చదివింది. నాకు చేసిన దానికి మూడక్షరాల పేరుంది: టీవోటీ. మూత్రనాళం కింద ఊయలలా ఒక సన్నని పట్టీ వేసి, దాని రెండు కొసలు తొడల లోపలివైపు మడతల దాకా తెస్తారు. నా గజ్జల్లో రెండు చిన్న ప్లాస్టర్లు ఎందుకున్నాయో, లోపలి తొడ అంత లాగుడుగా ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. పడుకోవడం వల్ల పట్టేసిందనుకుని రోజూ జండూబామ్ రాస్తూ వచ్చాను.

ఆ పట్టీ పాలిప్రొపైలీన్ దారంతో అల్లిన జాలి, సెంటీమీటరు వెడల్పు ఉంటుంది, జీవితాంతం లోపలే ఉంటుంది. పొట్టమీది సొంత పొర నుంచి కోసి తీసిన పట్టీ వేసే పద్ధతి కూడా ఉంది, అందులో కోత పెద్దది, కోలుకోవడానికి ఎక్కువ రోజులు. నాకు జాలి వేసినందుకు బాధ లేదు. చాలామందికి అది మేలే చేస్తోంది. కానీ నా ఒంట్లో ఏం పెట్టారో నాకు మూడు వారాల దాకా తెలియకపోవడం తప్పు. ఇంగ్లండులో కొందరు ఆడవాళ్ళకు ఈ జాలివల్ల తీరని నొప్పులొచ్చాయి. ఏళ్ళ తరబడి మొత్తుకుంటే వినలేదు. చివరికి 2018లో బారోనెస్ కంబర్లెజ్ ఆధ్వర్యంలో విచారణ వేశారు, ఆ ఏడు జూలైలో అక్కడ వీటి వాడకం నిలిపారు. ఆడవాళ్ళ మాటను కొట్టిపారేశారని 2020లో ఆ విచారణ నివేదిక తేల్చి చెప్పింది. రేపు మాలో ఎవరికైనా తొడ నొప్పి తగ్గకపోతే, కలయికలో ఏదో గుచ్చుకుంటే, ఏం చెప్పాలో తెలియాలంటే లోపల ఏముందో తెలిసి ఉండాలి కదా.

కలయిక మాట ఎలాగూ వచ్చింది. కనీసం ఆరు వారాలు ఆగాలి. ఇది ఆడమనిషికి చెప్పి ఊరుకుంటే లాభం లేదు, భర్తను పిలిచి చెప్పాలి. మా ఊళ్ళో ఒకామె ఆ మాట ఇంట్లో చెప్పలేక పదిహేనో రోజుకే నరకం చూసింది. ఇంతకంటే రాయను.

వంటింట్లో ఒక పొద్దున ఎండుమిరప పోపు మాడి ఘాటెక్కింది. అప్పటికి ఐదో వారం. వరసగా నాలుగు తుమ్ములు. అలవాటు కొద్దీ కాళ్ళు దగ్గరికి బిగించి, గట్టు పట్టుకుని నిలబడిపోయాను. తర్వాత కూడా కొంతసేపు కదల్లేదు. చీర పొడిగా ఉంది. అత్తమ్మ బయటి నుంచి ఏమైందని అడిగితే పోపు మాడిందన్నాను. ఆరోజు బుట్టలో ఉన్న నూలు గుడ్డలన్నీ తీసి పొయ్యిలో పెట్టాను.

ఈ సంతోషం నా ఒక్కదానిది కాకూడదనే ఆ తర్వాత కేంద్రంలో తల్లుల సమావేశంలో నా సంగతి బయటపెట్టాను. అందరూ తలలు దించుకున్నారు. సమావేశం అయ్యాక ముప్పై నాలుగేళ్ళ ఆమె ఒకతె చంటిదాన్ని ఎత్తుకుని వెనక నిలబడిపోయింది. "టీచర్, నీకు గుడ గట్లనే అయితుండెనా?" అంది. మూడో కాన్పు నుంచి అట. మిరప ఏరే కూలికి వెళితే వంగి లేచినప్పుడల్లా తడిసేదట, వాసన వస్తుందని కూలివాళ్ళకు దూరంగా చివరి సాలు పట్టేదట.

ఆమె మూడు కాన్పులూ నా రిజిస్టరులో ఉన్నాయి మంత్రిగారూ. గర్భిణిగా ఆరోగ్యలక్ష్మి భోజనం నా చేతుల మీదుగా తిన్నది. నేను ఆమె బరువు రాశాను, ఐరన్ మాత్రలు లెక్కపెట్టాను, గుడ్డు నా ముందే తినమన్నాను. ఒంటికి పోవడం ఎలా ఉందమ్మా అని ఒక్కనాడు అడగలేదు. నాకే అదే బాధ ఉండి కూడా అడగలేదు. నా రిజిస్టరులో ఆ గడి లేదు.

అడిగి ఉంటే ఆమెకు ఇప్పుడు ఆపరేషన్ దాకా వచ్చేదే కాదేమో. మూత్రం పట్టి ఉంచే కండలను బిగించే వ్యాయామం ఉంది. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే చెప్పాడు. మూత్రాన్నీ గాలినీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికీ పైకీ లాగిపట్టి వదలాలి. ఒక్కోసారికి ఎనిమిది, రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు, తెలిసినవాళ్ళు దగ్గరుండి సరిచూస్తుంటే చాలామందికి కారడం తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు. అలాగే దగ్గితే పడేది వేరు, ఆపుకోలేక పరిగెత్తే లోపు పడేది వేరు. రెండోదానికి ఈ ఆపరేషన్ మందు కాదు, దానికి మాత్రలూ అలవాటు మార్చే పద్ధతులూ ఉన్నాయి. ఇది తెలియక ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళు డబ్బూ ఒళ్ళూ రెండూ పోగొట్టుకుంటారు.

నేను అడుగుతున్నది పెద్ద భవనాలూ యంత్రాలూ కాదు. మూత్రం కారే ఆపరేషనైనా, గర్భసంచి జారిన ఆపరేషనైనా, తీసేసిన ఆపరేషనైనా, ఇంటికి పంపేటప్పుడు పెద్ద అక్షరాల తెలుగు కాగితం ఒకటి ఇవ్వాలని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటికీ ఉత్తర్వు ఇవ్వండి. దాంట్లో కిలోలు కాదు, బిందె, సిలిండరు, చంటిపిల్ల బొమ్మలు వేసి కొట్టివేత గీతలు గీయించండి. లోపల పెట్టిన పట్టీ పేరూ రకమూ రాయించండి. జ్వరం, మంట, మూత్రం బిగుసుకుపోవడం, వాసనతో చీము, ఆగని రక్తం, తగ్గని తొడ నొప్పి వస్తే ఆగకుండా రావాలని రాయించి, ఎత్తే నంబరు ఒకటి కింద వేయించండి. జిల్లా ఆసుపత్రుల్లో ఈ వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఒక ఆడమనిషి ఉండాలి. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్కుల్లో మంగళవారం వచ్చే ప్రతి ఆడమనిషినీ, దగ్గితే పడుతోందా అని నర్సే ముందు అడగాలి. ఆమె తనంతట తాను చెప్పదు, నేను పదిహేనేళ్ళు చెప్పలేదు.

అన్నిటికంటే ముందు, ఆశా అక్కను ఆ ఆరుసార్లు ఆపరేషనయిన ఆడమనిషి ఇంటికి కూడా పంపండి. 3, 7, 14, 21, 28, 42. ఆ పనికి ఆమెకు ఇవ్వాల్సింది ఇవ్వండి, ఊరికే చేయించకండి. ఆమె వస్తే సంచి ఎక్కడ పెట్టారో చూస్తుంది, నీళ్ళు తాగుతున్నారా అని అత్తగారి ముందే అడుగుతుంది, బిందె ఎవరు మోస్తున్నారని ఇంటాయన్ను నిలదీస్తుంది. సర్కారు మనిషి గడపలో నిలబడి అడిగిన దానికి మా ఇళ్ళలో విలువ వేరు.

నా పేరు రాయలేదు. సిగ్గుతో కాదు, పేరు రాస్తే ఈ లేఖలో చెప్పిన మిగతా ఆడవాళ్ళు ఊళ్ళో తెలిసిపోతారని.

ఆ ముప్పై నాలుగేళ్ళామె నాలుగు నెలలు వ్యాయామం చేసింది. కొంత తగ్గింది, పూర్తిగా తగ్గలేదు. మిరప పని అయిపోయాక వచ్చే నెలలో ఆపరేషన్. మా అమ్మాయి చెబుతుంటే నేను రాసిన తెలుగు కాగితం ఆమె వంటింటి గోడకు అతికించాం, ఒక ప్రతి దీంతో పంపుతున్నాను. ఆమె ఇంటికి 42 రోజులు నీళ్ళు మోయడానికి వాడకట్టులో ఏడుగురం వంతులు రాసుకున్నాం, సోమవారం నాది. మూడో రోజు తాను వస్తానని ఆశా అక్క చెప్పింది. ఆమె కార్డులో దానికి గడి లేదు, అంచున పెన్నుతో రాసుకుంటానంది.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచరు,
వరంగల్ జిల్లా